చవకరకం మదర్‌బోర్డు

"ఇంకా ఉడకలేదా నీ బొమ్మ?" అని హాల్లోంచి అత్తగారు కేకేశారు. టీవీ మోత దాటి వినబడాలి కాబట్టి ఆవిడ ఏ మాటైనా కేకేసినట్టే అంటారు.

ఉడకలేదు. ఆమె ఉతికిన బట్టల గుట్ట మంచం మీద ముందేసుకుని మడతలు పెడుతూ, మధ్యమధ్య తల తిప్పి మూలనున్న కంప్యూటర్ తెర వైపు చూస్తోంది. తెర మీద ఎవరిదో ఇంకా పునాది కూడా తవ్వని ఇంటి ముందుగది, గడి తర్వాత గడిగా, తీరుబడిగా తేలుతోంది. కిటికీ వచ్చింది. సోఫా సగం వచ్చింది. దాని మీద పడాల్సిన పొద్దుటి ఎండ ఇంకా రాలేదు. ఆర్కిటెక్టులు గీతలు గీస్తారు. ఆ గీతలకి గోడలూ, రంగులూ, నేల మెరుపూ, కిటికీలోంచి పడే వెలుతురూ తొడిగి కట్టని ఇంటిని కట్టేసినట్టు చూపించడం ఆమె పని. తన వంతు పూర్తయ్యాక లెక్కలన్నీ వేసుకుని బొమ్మని బయటికి తేవడం కంప్యూటర్ వంతు. ఆ రెండో భాగానికి అత్తగారు ఉడకడం అని పేరు పెట్టారు. పెట్టినప్పుడు అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మాట వినబడితే నవ్వు రావడం లేదు.

బొమ్మ ఉడికేంతసేపూ ఆమె ఖాళీయేనని ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఎలాగూ అది తేలాలిగా, ఈలోపు ఆ బీరువా సర్దెయ్యి. ఎలాగూ కూర్చునే ఉన్నావుగా, ఈ చొక్కాకి గుండీ కుట్టు. ఎలాగూ అన్న మాటతో మొదలయ్యే పని ఏదైనా ఆమెదే. కంప్యూటర్ ఎంత నెమ్మదిస్తే ఆమె మీద అంత పని వచ్చి పడేది. మొదట్లో పొద్దున పెట్టిన బొమ్మ మధ్యాహ్నం భోజనాలకి తేలిపోయేది. తర్వాతెప్పుడో పాప బడినుంచి వచ్చేదాకా సాగడం మొదలైంది. బొమ్మలే బరువెక్కాయేమో అనుకుంది. తర్వాత తన చెయ్యే మొద్దుబారిందనుకుంది. పాప పుట్టకముందు ఆఫీసులో ఆమెది చెయ్యి తిరిగిన పని అని పేరు. ఇంటినుంచి చేయడం మొదలుపెట్టాక ఆ పేరు ఎక్కడ జారిపోయిందో తెలీదు. "ఇంట్లో ఉన్న ఆడవాళ్ళతో ఇదే తంటా, ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను పొయ్యి మీద" అన్నాడు ఆర్కిటెక్టు. "నువ్వు ఒకేసారి పది తెరుచుకుని కూర్చుంటావు, మిషన్ తప్పేం లేదు, నీ చేతిలోనే ఉంది నెమ్మది" అన్నాడు భర్త. భర్త అంటే మామూలు భర్త కాదు. ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. చుట్టాలందరూ డాక్టరు అని పిలుస్తారు. ఎవరింట్లో ఏ కంప్యూటర్ మూలిగినా ఆయనకే ఫోను. ఆమె మిషన్ని కూడా ఆయనే విడిభాగాలు తెచ్చి, స్వయంగా బిగించి ఇచ్చాడు. డాక్టరే అన్నాక ఇంకెవరిని అడుగుతుంది? నమ్మింది.

ఆ మధ్యాహ్నమే ఆర్కిటెక్టు ఫోన్ చేశాడు. పెద్ద ఆసుపత్రి కట్టే పని వచ్చిందనీ, బొమ్మలు చాలా కావాలనీ, ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి ముందు ఒక్క బొమ్మ చేయించి చూస్తాననీ అన్నాడు. "మీకూ ఇస్తాను, జెట్‌కీ ఇస్తాను. వారాంతం లోపల ఎవరిది బాగుంటే వాళ్ళకి. మీకిష్టమైతేనే. ఇబ్బందనుకుంటే వదిలేయండి, నేనేమీ అనుకోను."

ఏమీ అనుకోను అన్న మాటలో అన్నీ అనేసుకున్న సంగతి ఆమెకి తెలుస్తూనే ఉంది. జెట్ అంటే ఆఫీసులో ఆమె తర్వాత చేరిన అమ్మాయి. వేగం చూసి అక్కడివాళ్ళు పెట్టిన పేరు. ఆ అమ్మాయికి వెలుతురు ఎలా వెయ్యాలో నేర్పింది ఈమే.

కాసేపటికి జెట్టే ఫోన్ చేసింది. "అక్కా, ఒకటడగనా? మనిద్దరిదీ ఒకటే ప్రాసెసర్. మీ మిషన్ కొన్నప్పుడు మీరే చెప్పారు. నాకు గంటల్లో అయ్యేది మీకు సాయంత్రం దాకా ఎందుకవుతోంది?"

ఇది సాయమా, దెప్పా అని ఆమె లోపల్లోపల తూచి చూసుకుంది. పోటీలో ఉన్న మనిషి ఊరికే మేలు చేస్తుందా? "నువ్వే చెప్పు" అంది ముభావంగా.

"ఇక్కడి మిషన్లని ఓవర్‌క్లాక్ చేయించారక్కా. అంటే తయారుచేసినవాడు పెట్టిన వేగం కంటే కాస్త పైకి నడపడం. మన ప్రాసెసర్ దానికి ఒప్పుకునే రకమే. కాకపోతే అది కూర్చునే మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలి. మీది ఒప్పుకోదేమో. ఖరీదైందే అక్కర్లేదు, చవకలో కూడా మంచివి ఉన్నాయి. చూసి ఎంచుకోవాలి అంతే."

చూసి ఎంచుకోవడం మొదలుపెట్టింది. బడి గేటు దగ్గర పాప కోసం నిలబడి, కూరగాయలవాడి దగ్గర వరసలో నిలబడి, ఫోన్లో చదివింది. అర్థం కానిచోట మళ్ళీ చదివింది. ప్రాసెసర్‌ని పైకి తోలితే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటుని సరిచేసి అందించే భాగాలు దాని పక్కనే బోర్డు మీద ఉంటాయి. చవకబోర్డుల్లో వాటిని నగ్నంగా వదిలేస్తారు, అవి వేడెక్కి చతికిలబడతాయి. వాటి మీద దళసరి లోహపు పలకలు కప్పి ఉన్నాయా లేదా అన్నది అసలు సంగతి. రంగురంగుల లైట్లకి డబ్బు పోయకూడదు. కొన్ని బోర్డులు పెట్టె మీద ఎంత గొప్పగా రాసుకున్నా వేగం పెంచే మీట లోపల ఉండనే ఉండదు. చదివేకొద్దీ ఆమెకి ఒక సంగతి తోచింది. ఇదంతా పెద్ద విద్యేమీ కాదు. ఇంట్లో అందరూ దాన్ని పెద్ద విద్యలా చూస్తారు, అంతే.

రాత్రి భోజనాల దగ్గర మామూలుగా అడిగింది. "ఏమండీ, మన కంప్యూటర్‌లో మదర్‌బోర్డు ఏ రకం?"

ఆయన చెంచా ఆగింది. "ఎందుకు?"

"మారుద్దామని. ఓవర్‌క్లాక్ చేసుకుంటే..."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"జెట్ చెప్పింది."

"జెట్టా, ఇంకెవరైనానా?" అని ఒక చూపు చూశాడు. ఆ చూపు వేరే తోవన పోతోందని ఆమెకి అర్థమయింది గానీ దాని జోలికి పోలేదు. "కాలిపోతుంది. మొత్తం మిషనే పోతుంది. అది పిల్లలు ఆటల కోసం చేసుకునే పని, నీకెందుకు?"

"పోనీ ఒకసారి మూత తీసి, బోర్డు పేరేంటో చూడనా?"

"ముట్టుకోకు. షాక్ కొడుతుంది. తీరిక దొరికితే నేనే చూస్తాలే."

అంతటితో లేచి చెయ్యి కడుక్కున్నాడు. కంచంలో సగం అలాగే ఉంది. ఆమె ఆ కంచం వైపే చూస్తూ కూర్చుంది. కంప్యూటర్ గురించి ఎవరైనా అడగడమే ఆలస్యం, అన్నం చల్లారిపోయినా పట్టించుకోకుండా చెప్పుకుపోయే మనిషి. పెళ్ళి చూపులప్పుడు కూడా ఆమెతో మాట్లాడింది దాని గురించే. ఆ మనిషి ఇవాళ ఒక బోర్డు పేరు చెప్పకుండా లేచిపోయాడు. నెమ్మదిగా, ముల్లులాగా ఒక అనుమానం దిగింది. ఆ మిషన్ కొన్నది ఆమె ఆఫీసులో పనిచేసినప్పటి ఆఖరి బోనస్‌తో. మంచి బోర్డని చెప్పి నాసిరకంది పెట్టాడా? పాతది తెచ్చి బిగించాడా? ఛ, అలా చేస్తాడా అనుకుంది. అనుకుని గిన్నెలు తోముతూ మళ్ళీ అదే ఆలోచించింది.

మర్నాడు పాపని బడి దగ్గర దింపి కంప్యూటర్ల షాపుకి వెళ్ళింది. ఇరుకు సందు, పక్కపక్కన ఒకే సరుకు అమ్మే షాపులు. ఈ షాపు పేరు భర్త నోట విన్నదే. వాళ్ళ కంపెనీకి సామానంతా ఇక్కడినుంచే.

"బాబుకి గేమ్స్ ఆడుకోడానికా అమ్మా?" అన్నాడు షాపతను.

"నాకే. పనికి."

అతను నవ్వి, పైఅరలోంచి ఒక పెట్టె దింపాడు. అద్దం మూత వెనక బోర్డు మెరుస్తోంది. "ఇది తీసుకోండి. లైట్లు చూశారా, ఏడు రంగులు మారతాయి. అందరూ ఇదే అడుగుతున్నారు."

"దీంట్లో ప్రాసెసర్ వేగం పెంచుకోవచ్చా?"

"అన్నీ చేసుకోవచ్చు."

అన్నీ అనేవాడు ఆ ఒక్కటీ అనడం లేదని ఆమె గమనించింది. ఫోన్ తీసి ఆ బోర్డు పేరు వెతికింది. లైట్లు పెంచుకోవచ్చు, వేగం కాదు. ఫోన్ అతనికి చూపించింది. అతను పెట్టెని పైకి పెట్టేశాడు. ఆ తర్వాత ఇద్దరి మాటా కొంచెం తిన్నగా నడిచింది. ఆమె అడిగి నాలుగైదు తీయించింది. ఒకదానికి పలకలున్నాయి గానీ పేరుకే, వేలితో నొక్కితే రేకులా కదిలింది. ఇంకొకటి బాగుంది గానీ ధర ఆమె అనుకున్నదానికి చాలా పైన. ఆఖరికి ఒక దిక్కుమాలిన గోధుమరంగు పెట్టెలోంచి నల్లటి బోర్డు ఒకటి వచ్చింది. లైట్లు లేవు, హంగు లేదు. ప్రాసెసర్ గూడు చుట్టూ రెండు వైపులా బరువైన పలకలు మరలతో బిగించి ఉన్నాయి. వేగం పెంచుకునే రకమే. ధర కూడా అందుబాటులోనే ఉంది.

"ఇదెవరూ అడగరమ్మా, చూడ్డానికి బాగుండదు" అన్నాడు అతను.

"నేనడుగుతున్నాను."

"మీవారెవరండీ?" చెప్పింది. అతని మొహం విప్పారింది. "అయ్యో, ఆయన ఇంట్లో ఉండగా మీరెందుకమ్మా తిరుగుతున్నారు? ఆయన్నే ఒక మాట అడగకపోయారా?"

"అడిగాను" అంది ఆమె. "ఇది పక్కన పెట్టండి. మా ప్రాసెసర్ దీంట్లో కూర్చుంటుందో లేదో చూసుకుని వస్తాను."

ఇంటికొచ్చేసరికి అత్తగారు హాల్లో టీవీ ముందు కునుకు తీస్తున్నారు. ఆమె గది తలుపు దగ్గరగా వేసింది. మూత తీయకుండానే బోర్డు పేరు తెలుసుకోవచ్చని చదివింది. కంప్యూటర్ లేస్తున్నప్పుడు ఒక మీట నొక్కిపట్టుకుంటే లోపలి అమరికలన్నీ ఉండే ఒక తెర వస్తుందట. నొక్కింది. తెర వచ్చింది గానీ ఏమీ చూపించలేదు. పాస్‌వర్డ్ అడిగింది.

ఆమె ఏ పాస్‌వర్డూ పెట్టలేదు. రోజూ తెరిచే పాస్‌వర్డ్ కొట్టింది, కాదంది. భర్త పుట్టినరోజు కొట్టింది. పాప పేరు కొట్టింది. అత్తగారిది కొట్టింది. కాదు, కాదు, కాదు. సొంత ఇంట్లో ఒక గదికి ఎవరో తాళం వేసుకుని వెళ్తే, అది ఇన్నాళ్ళూ తనకి తెలియకపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది. పరాయి తాళం కాదు, ఇంటిమనిషిదే. ఇంట్లో ఆ పని తెలిసింది ఒక్కరికే. దాచేటంత ఏముంది లోపల? మొదటి అనుమానం, నాసిరకం బోర్డు అన్నది, దీని ముందు చిన్నపిల్లల ఆటలా కనబడింది.

కుట్టుమిషన్ డబ్బాలోంచి మరలు విప్పేది తెచ్చింది. కరెంటు తీగ పీకేసి, ఎందుకైనా మంచిదని ఇంకాసేపు ఆగి, మూత విప్పింది. షాక్ కొట్టలేదు. దుమ్ము తుడిస్తే బోర్డు పేరు దాని ఒంటి మీదే తెల్లగా అచ్చేసి ఉంది. వెతికి చూసింది. మామూలు బోర్డు. పలకలు లేవు, వేగం పెంచే మీట లేదు. కానీ కొత్తదే, ఆ ప్రాసెసర్‌కి సరిపోయేదే, గూడు కూడా షాపులో చూసిన నల్లబోర్డు రకమే. మోసమేమీ లేదు. అయితే తాళం ఎందుకు?

బోర్డు మీద గుండ్రటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుందనీ, దాన్ని తీసి కాసేపాగి పెడితే పాస్‌వర్డుతో సహా ఎవరు మార్చిన అమరికలైనా చెరిగిపోయి, కొన్నప్పుడు ఎలా ఉందో అలా అయిపోతుందనీ ఎక్కడో చదివింది. బ్యాటరీ గోటితో లేవదీసింది. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగకుండా దించి, చేతులు తుడుచుకుని వచ్చి మళ్ళీ పెట్టింది. తీగ తగిలించి మీట నొక్కింది.

కంప్యూటర్ లేచింది. లేస్తూనే ఫ్యాన్ రయ్యిమంది. ఆమె వెనక్కి జరిగింది. ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదు. కాదు, విన్నది, కొన్న కొత్తలో. కాలిపోతుందన్న మాట నిజమేనేమో అని డబ్బా మీద చెయ్యేసి చూసింది. వెచ్చగా ఉంది, అంతే. భయంభయంగానే, రాత్రి కూర్చుని తన వంతు పూర్తిచేసిన ఆసుపత్రి బొమ్మని ఉడకబెట్టి, పెరట్లోకి వెళ్ళి బట్టలు వాషింగ్ మిషన్లో వేసింది. ఉతకడం అయ్యాక తడిబట్టలు తీసుకుని తిరిగొచ్చేసరికి తెర మీద బొమ్మ పూర్తయి ఉంది.

నమ్మలేదు. మధ్యలో ఏదో తెగిపోయి ఉంటుందనుకుంది. పెద్దది చేసి అంగుళం అంగుళం వెతికింది. ఆసుపత్రి నడవాలో బల్లల కింది నీడలు సరిగ్గానే ఉన్నాయి. చివరి కిటికీలోంచి పడ్డ వెలుతురు నేల మీద జారి ఎదురుగోడ అంచుని అంటుకుంది, ఆమె అనుకున్నట్టే. చెరిపేసి మళ్ళీ పెట్టింది. ఈసారి కదలకుండా ఎదురుగా కూర్చుని చూసింది. గడులు పరుగున వచ్చి చేరాయి. తడిబట్టల తొట్టి పక్కన పెట్టుకుని నేల మీద కూలబడింది.

ఆమె ఏ వేగమూ పెంచలేదు. ఓవర్‌క్లాకింగ్ మాట అటుంచి, ఏ మంచి పనీ చేయలేదు. ఎవరో చేసిన పనిని చెరిపిందంతే. ఈ మిషన్‌కి పుట్టుకతో ఉన్న వేగం ఇది. దాన్ని సగానికి పైగా తగ్గించి, పైన తాళం వేసి, ఏమీ ఎరగనట్టు పక్క మంచం మీద పడుకున్నారు.

బొమ్మ పంపించాక అరగంట కాకుండానే ఆర్కిటెక్టు ఫోన్ చేశాడు. "చాలా బాగుందండీ. ఇంత త్వరగానా? మీవారు కూర్చున్నారా?"

"లేదండీ. నేనే."

"అంటే... ఆయన బాగా తెలిసినవారు కదా. ఏదైనా సాయం పట్టారేమోనని. తప్పేం లేదు లెండి."

"ఆయన ఆఫీసులో ఉన్నారు. కావాలంటే ఇంకో వైపునుంచి ఇదే నడవా సాయంత్రానికి పంపిస్తాను. చూసి చెప్పండి."

పంపింది కూడా. నెమ్మదిగా చేస్తే చేతకానిది, వేగంగా చేస్తే వేరేవాళ్ళు చేసింది. ఈ రెంటి మధ్య తను చేసింది అనిపించుకునే చోటు ఎక్కడుందో ఆమెకి ఆ పూట బోధపడలేదు. పని మాత్రం ఆమెకే వచ్చింది. ఆ సంగతి చెబుతూ జెట్టే ముందు ఫోన్ చేసింది. గొంతులో సంతోషం ఉన్నట్టే వినబడింది. ఆమె దాన్ని ఈసారి తూచలేదు.

భర్త వచ్చేసరికి పాప వీధిలో ఆడుకుంటోంది. తాళాలు బల్ల మీద పెట్టబోతూ ఆగాడు. గదిలోంచి ఫ్యాన్ చప్పుడు వస్తోంది. చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చాడు.

"దాన్నెవరు ముట్టుకున్నారు?"

"నేనే."

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు. షాక్ కొడుతుందన్నారు. కొట్టలేదు."

ఆయన వంగి డబ్బా వెనక అరచెయ్యి పెట్టాడు. "చూడు ఎలా కాలుతోందో. అందుకే కదా దాన్ని..." అని ఆగిపోయాడు.

ఆ ఆగిన మాట కోసమే ఆమె మధ్యాహ్నం నుంచీ కాచుక్కూర్చుంది. "అందుకే దాన్ని?"

ఆయన డబ్బా మీంచి చెయ్యి తీశాడు. "కొంచెం తగ్గించి పెట్టాను. వేడెక్కుతోందని. పైగా ఆ హోరుకి అమ్మకి నిద్ర పట్టట్లేదు. అమ్మే అడిగింది."

"ఎప్పుడు?"

"గుర్తులేదు. పాపకి జ్వరం వచ్చినప్పుడనుకుంటా."

ఆమెకి బాగా గుర్తుంది. అప్పుడు ఒక పెద్ద హోటల్ పని మీద ఉంది. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకునే చేసింది. జ్వరమూ తగ్గింది, పనీ పూర్తయింది. రెండూ చేయగలిగినందుకు లోపల ఎక్కడో గర్వపడింది కూడా. ఆ గర్వం మొహంలో కనబడిందేమో.

హాల్లో టీవీ మోత ఆగిపోయింది. అత్తగారు రిమోట్ చేత్తోనే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. "నేనెప్పుడడిగానురా?"

"అమ్మా, నువ్వెళ్ళి టీవీ చూసుకో."

"అదెక్కడికీ పోదు. నా పేరెందుకు తెచ్చావో చెప్పు. నాకు ఎడంచెవి చచ్చి ఎన్నేళ్ళయింది? రెండోది దిండుకి ఆనించి పడుకుంటాను. దీని హోరు నాకు వినబడితే కదా నిన్ను అడగడానికి."

ఆయన తల్లి వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. ఎర్రబడ్డాడు. "ఇద్దరూ కలిసి నన్ను దొంగని చేస్తున్నారా? నేనేం చేశాను? పని తగ్గించుకోమని ఎన్నిసార్లు చెప్పాను దీనికి? ఒకటి అవగానే ఇంకొకటి తెచ్చుకుంటుంది. ఆలస్యమైతే వాళ్ళే ఇవ్వడం తగ్గిస్తారు, లేకపోతే విసుగొచ్చి తనే మానేస్తుంది అనుకున్నాను. మంచికే అనుకున్నాను. ఇల్లు కుదురుగా ఉంటుందని."

విసుగొచ్చి తనే మానేస్తుంది. ఆ మాట గదిలో అలాగే నిలబడిపోయింది. ఆమెకి కోపం రావాలి, రాలేదు. దానికి బదులు ఒక సాయంత్రం గుర్తొచ్చింది. ఒక పని చెయ్యిజారిపోయిన రోజు. గడువు దాటిందని ఆర్కిటెక్టు దాన్ని జెట్‌కి ఇచ్చేశాడు. ఇదే మంచం మీద కూర్చుని ఆమె ఏడ్చింది. నాకు చేతకాకుండా పోతోందండీ, ఏమైందో తెలీదు, నాలో ఏదో తగ్గిపోయింది అని ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుని తల నిమిరాడు. అందరికీ అన్నీ రావు, బాధపడకు, నేనున్నాగా అన్నాడు. ఆ నిమరడం ఆమె చాలా కాలం దాచుకుంది. ఎంత విసుక్కున్నా లోపల మంచివాడు అని తనకి తాను చెప్పుకోవడానికి దాన్నే బయటికి తీసి చూసుకునేది.

"నాలో ఏదో తగ్గిపోయిందని ఏడ్చాను" అంది. గొంతు పెరగలేదు. "నువ్వు నా తల నిమిరావు. అప్పటికి నీకు తెలుసు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. ముందుగా గమనించింది అత్తగారు. ఆవిడ మొహం ఒక్కసారి పైకెత్తి, మందలించబోయి, మానుకున్నారు. కాసేపటికి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "ఉడకలేదా ఉడకలేదా అని నేనూ తిన్నాను కదే నిన్ను" అన్నారు. అని పాపని పిలవడానికి వీధిలోకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆయన మెత్తబడ్డాడు. పొద్దున్నే కాఫీ కలిపి తెచ్చాడు. తన కంచం తనే తీశాడు. "ఉన్న వేగం తిరిగొచ్చేసిందిగా, ఇక బోర్డెందుకు?" అని ఒకసారి అన్నాడు.

"పోయింది తిరిగొచ్చింది. పైకి ఇంకా వెళ్ళలేదుగా" అంది.

"అయితే నేనే తెస్తాను. అన్నిట్లోకీ మంచిది, లైట్లవీ ఉన్నది. నేనే బిగించి పెడతాను."

"నాకు కావలసింది నేను చూసుకున్నాను."

కాఫీ బాగానే ఉంది. తాగుతూ, ఇందులో ఏం కలిసిందో అని చూసుకునే మనిషైపోయానే అని తన మీద తనకే దిగులేసింది. కానీ ఆలోచన ఊరుకోలేదు. ఆయన చెప్పగా నమ్మినవి ఇంకా ఏమేమున్నాయి? బ్యాంకు పనులు నీకు అర్థం కావు అన్నాడు. ఒక్కసారైనా వెళ్ళి చూసిందా? తల్లులైనవాళ్ళని నీ పాత ఆఫీసు పూర్తి ఉద్యోగానికి తీసుకోదు, నేను కనుక్కున్నాను అన్నాడు. ఎవరిని కనుక్కున్నాడు? నువ్వు పాడితే పాప జడుసుకుంటుంది అని నవ్వుతూ అన్నాడు. అప్పటినుంచి వంటింట్లో కూడా పాడలేదు. పాప నిజంగా జడుసుకుందా? ఒక మనిషి మాట మీద బతుకంతా కట్టుకుంటే, ఆ మాట కింద ఒక్కో ఇటుకా తీసి తట్టి చూసుకోవలసి రావడం ఎంత పెద్ద చాకిరీ. ఇంటి చాకిరీ అంతా అయ్యాక ఇదొకటి, దీన్ని కూడా ఆమే చేయాలి.

సెలవురోజు సాయంత్రం సంచీ తీసుకుని బయల్దేరింది. పాప నాయనమ్మతో బొమ్మలకి రంగులు వేస్తోంది. ఆయన పేపర్లోంచి తలెత్తాడు.

"ఎక్కడికి? షాపుకా? ఇవాళ వాళ్ళకి సెలవు. నాకు తెలీదా, మా కంపెనీకి సామానంతా అక్కణ్ణుంచేగా. రేపు ఆఫీసునుంచి వస్తూ నేను తెస్తాలే."

ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమె చెయ్యి అప్పుడే సంచీని కొక్కేనికి తగిలించబోయింది. అలవాటు పడ్డ చెయ్యి అది. మనసు కంటే ముందు వింటుంది. సంచీని మళ్ళీ భుజానికి ఎక్కించుకుంది.

"సరే, నడిచినట్టుంటుంది" అని చెప్పులు వేసుకుంది.

సందు మొదట్లో సగం షాపులు మూసే ఉన్నాయి. దూరం నుంచి ఆ షాపు షట్టర్ దించినట్టే కనబడింది. ఆమె నడక నెమ్మదించింది. చిత్రంగా, లోపల ఎక్కడో ఒక తెరిపి కలిగింది. మూసే ఉంటే బాగుండును. ఒక్కటైనా నిజం చెప్పినవాడవుతాడు. ఈ ఒక్క షట్టర్ కిందకి దిగి ఉంటే, తిరిగి వెళ్ళి ఆ పేపర్ పక్కన కూర్చుని, రేపు తెండి అనొచ్చు. అలా కోరుకుంటున్న తనని తనే పక్కనుంచి చూసుకుంటూ, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగిపోకుండా, షాపు దాకా నడిచింది.

పడమటి ఎండ మొహాన కొడుతోందని షట్టర్ సగానికి దించుకున్నారు. వంగి చూస్తే లోపల ట్యూబులైటు వెలుగుతోంది. షాపతను నేల మీద కూర్చుని తీగలు చుట్టలు చుడుతున్నాడు.

"రండమ్మా రండి, తల జాగ్రత్త" అన్నాడు.

"ఇవాళ మీకు సెలవు కదూ?"

"మాకు సెలవేంటమ్మా, ఏ వారమూ లేదు. సెలవని ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లెండి" అంది ఆమె. "నేను పక్కన పెట్టమన్న బోర్డు తియ్యండి."